తొమ్మిదుల చిలుక

నీలకుల్య రాజ్యానికి ఉత్తరాన, మేఘాలు నడుము దాకా వచ్చి ఆగిపోయే గండశైలం మీద, జృంభకాచార్యుడి గణితమంటపం ఉదయపు ఎండలో ధగధగలాడుతోంది. స్ఫటికపు స్తంభాలు, వెండి తీగలతో నక్షత్రాల దారులు పొదిగిన పైకప్పు, పాదం మోపితే జారిపోయేంత నున్నని పాలరాతి నేల. ఆ నేల మీద సన్నని ఇసుక పరిచిన గంధపుచెక్క పలకలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో పలక ముందు ఒక్కో యువకుడు కూర్చుని చూపుడువేలితో ఇసుకలో అంకెలు గీస్తున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ గీస్తున్నాడు. మాటల్లేవు. నవ్వుల్లేవు. అంతమంది కుర్రవాళ్ళు ఒకచోట చేరి కిక్కురుమనకుండా కూర్చున్నారంటేనే అక్కడేదో మాయ ఉందని తెలిసిపోవాలి. కానీ చూసి చెప్పడానికి బయటివాళ్ళెవరూ ఆ కొండ ఎక్కరు.

అన్నిటికన్నా చివరి పీట మీద కూర్చున్నవాడి పేరు విరూపాక్షుడు. అక్కడివాళ్ళకు తెలిసిన పేరు అది. నెత్తిన తలపాగా, బిగించి కట్టిన అంగీ, మెడలో రుద్రాక్షలు, పై పెదవి మీద మసితో దిద్దిన నూనూగు మీసం. చెమట పట్టినప్పుడల్లా ఆ మీసం కరిగి గడ్డం మీదికి దిగకుండా కాపాడుకోవడం అతగాడికి గణితం కన్నా పెద్ద చిక్కయి కూర్చుంది. ఎందుకంటే ఆ మీసం వెనక ఉన్నది విరూపాక్షుడు కాదు. రాజధాని కుల్యానగరంలో త్రాసులు చేసి బతికే కంచరి సింగన్న కూతురు కేతకి.

కేతకి ఆ కొండ ఎక్కింది అన్న పుష్కరుడి కోసం. వాడు చిన్నప్పటినుంచీ లెక్కల పిచ్చివాడు. తండ్రి చేసిన త్రాసు ముల్లు ఎందుకు వణుకుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఇనుము ఎండకు ఎంత సాగుతుంది, చంద్రుడు రేపు ఏ చుక్క పక్కన ఉంటాడు, ఇవే వాడికి ఆటలు. చెల్లెలికి అంకెలు నేర్పింది కూడా వాడే. అటువంటి కుర్రవాణ్ణి ఏ రాజైనా నెత్తిన పెట్టుకోవాలి. కానీ నీలకుల్య మహారాజు మకరధ్వజుడు పద్యాలంటే చెవి కోసుకుంటాడు. పద్యం చెప్పినవాడికి శాలువా, పొగడ్త చెప్పినవాడికి మాన్యం. గణితం చదువుకుంటాను, ఆదరించండని వెళ్ళిన పుష్కరుణ్ణి మాత్రం ద్వారపాలకులు మెడపట్టి బయటికి గెంటారు. ఆ అవమానం వాడి ముఖం మీద ఇంకా ఆరకముందే ఊళ్ళో దండోరా మోగింది.

"గణితం మీదా, ప్రకృతి శాస్త్రాల మీదా మక్కువ ఉన్న పిల్లలకు జృంభకాచార్యులవారు విద్యాగ్రాసం ఇస్తున్నారహో! తిండి, బట్ట, గురువు, గ్రంథం అన్నీ ఆయనవేనహో! కులం అడగరు, గోత్రం అడగరు, తెలివి ఒక్కటే అడుగుతారహో!"

పుష్కరుడు ఎగిరి గంతేసి వెళ్ళాడు. వాడితో పాటు రాజ్యంలో కాస్త బుర్ర ఉన్న ప్రతి కుర్రవాడూ వెళ్ళాడు. కొన్నాళ్ళు కబుర్లు వచ్చాయి. తరవాత పలచబడ్డాయి. ఆపైన ఆగిపోయాయి. సభలో మహారాజు పద్యాలు వింటూ ఈ సంగతి పట్టించుకోనే లేదు. పట్టించుకున్నది కేతకి ఒక్కతే. అంగీ తొడిగి, మీసం దిద్ది, జృంభకుడి పరీక్ష నెగ్గి, తనూ విద్యాగ్రాసం పుచ్చుకున్న శిష్యుడిగా ఆ మంటపంలో అడుగు పెట్టింది.

అడుగు పెట్టిన రోజే ఆమెకు గుండె జారిపోయింది. ఏ బారులోనూ పుష్కరుడు లేడు.

లెక్క తప్పిన శిష్యుణ్ణి కొండ మీది అగాధసరస్సులోకి తోసేస్తారని ఆమె విన్నది. తను కూర్చున్న చివరి పీట కూడా అలా ఖాళీ అయినదే. అన్నను కూడా అలాగే తోసేశారేమోనన్న ఊహ రాగానే ఆమె పళ్ళు బిగించి ఇసుకలో అంకెలు గీసుకునేది. ఏడిస్తే మీసం కరుగుతుంది మరి.

ఇక విద్యాగ్రాసం సంగతి. పూటపూటా వెండి పళ్ళెంలో నల్లని నువ్వులన్నం పెడతారు. కమ్మని వాసన. అందులో జృంభకుడు మంత్రించి కలిపిన ఆకు ఏదో ఉంది. అది తిన్నవాడికి బుద్ధి కత్తిలా పదునెక్కుతుంది. మనుషులు మాత్రం మనసులోంచి చెరిగిపోతారు. ఈ రహస్యం కేతకికి పక్క పీట మందపాలుడి వల్ల తెలిసింది. సముద్రపు ఒడ్డున ఉప్పు పండించేవాళ్ళ బిడ్డ వాడు. కేతకి వచ్చిన రోజే వచ్చినవాడు, బొద్దుగా, ఎప్పుడూ ఆకలిమీద ఉండేవాడు.

"మాయమ్మ ఉప్పుమడి కాడ ఎండలో నిలబడి పని సేత్తాదిరా, ఇరూపాచ్చా! సేతులు పగిలిపోతాయి, అయినా పాట మాత్రం ఆపదు" అని చెబుతూ వాడు మొదటి రోజు తన అన్నమూ తిన్నాడు, ఆకలి లేదని కేతకి ఇచ్చిన అన్నమూ తిన్నాడు. మర్నాడు ఆమె మాట కలపడానికి, "మీ అమ్మ ఏ పాట పాడుతుందోయ్?" అని అడిగింది.

"ఏ అమ్మ?" అన్నాడు మందపాలుడు.

నువ్వులన్నం చేసే పని కేతకికి అప్పుడు అర్థమయింది. తన ముద్ద కూడా తినిపించి వాణ్ణి తానే సగం ముంచిందన్న బాధ ఆమెను వదలలేదు. ఆనాటినుంచి ఆమె తన వాటా ఎవరికీ పెట్టకుండా కాలవలో పారబోసి, మంటపం వెనక రాలిన మేడిపళ్ళు తిని, ఊటనీళ్ళు తాగి కాలం గడుపుతోంది. వాటితో కడుపు నిండదు. అయినా తనకు అన్న ముఖం గుర్తుంది. అది చాలనుకుంది.

ఇంతలో శంఖం ఊదారు. జృంభకాచార్యుడు లోపలికి వచ్చాడు.

మాంత్రికుడంటే జడలూ, కపాలమాలలూ, ఎర్రని కళ్ళూ ఊహించుకునేవాళ్ళు ఇతన్ని చూస్తే మోసపోతారు. పాలనురుగులాంటి గడ్డం, ఇస్త్రీ మడతల తెల్లని ఉత్తరీయం, మనవడితో మాట్లాడే తాతకున్నంత మెత్తని గొంతు. అతని భుజం మీద పచ్చని చిలుక ఒకటి కూర్చుని ఉంది. దాని ముక్కు మాత్రం ఇనుము.

"నాయనలారా, మన శ్రమ ఫలించే రోజు వచ్చింది" అన్నాడు జృంభకుడు. "అగాధసరస్సు నోటికి అడ్డంగా మూతబండ ఉంది కదా. దాన్ని పగలగొట్టడం పెద్ద పనేం కాదు. కానీ నీళ్ళన్నీ పోయాక ఏం చేసుకుంటాం? బండను మెల్లగా ఎత్తాలి, గాలిలో నిలపాలి, కావలసినన్ని నీళ్ళు వదిలి మళ్ళీ మూయాలి. దానికి కావలసింది బలం కాదు, సంఖ్య. ఎన్ని ఇనుపగుండ్లు తూకం వేస్తే ఆ బండ దూదిలా లేచి నిలుస్తుందో ఆ సంఖ్య ఈ రోజు మీ చేతుల్లో పుడుతుంది. తూర్పున ఎండిన బీళ్ళన్నీ పచ్చబడతాయి. మీరు పుణ్యాత్ములు!"

శిష్యుల ముఖాలు వెలిగిపోయాయి. కేతకి ముఖం పాలిపోయింది.

తూర్పు బీళ్ళకు ఆ కొండమీదనుంచి దారే లేదు. మూతబండ లేస్తే నీళ్ళు పోయేది ఒకే లోయలోకి. ఆ లోయలో ఉన్నది కుల్యానగరం. రాజభవనం, అంగళ్ళు, కంచరివీధి, తండ్రి కొలిమి, అన్నీ అక్కడే ఉన్నాయి. నగరాన్ని కడిగేసి, బండ మళ్ళీ మూసి, ఆ సరస్సును తన గుప్పిట్లో పెట్టుకుంటే ఇక నీలకుల్యలో గుక్కెడు నీళ్ళకు కూడా జృంభకుడి కాళ్ళే పట్టుకోవాలి. ఇది కనుక్కోవడానికి గణితం అక్కరలేదు, ఊరు గుర్తుంటే చాలు. ఆ గుర్తే అక్కడ ఎవరికీ లేదు. ఊళ్ళో అందరికన్నా తెలివైనవాళ్ళ చేత ఊరిని ముంచే లెక్క కట్టిస్తున్నాడు ఆ మెత్తని గొంతువాడు. కేతకికి భయం కన్నా కోపం ఎక్కువ కలిగింది.

లెక్క మొదలయింది. ఒక పీట మీదివాడు గుణిస్తాడు. వచ్చినదాన్ని గవ్వల కుప్పలుగా పళ్ళెంలో పేర్చి పక్క పీటకు తోస్తాడు. వాడు భాగిస్తాడు. ఆ పక్కవాడు కూడుతాడు. ఎవడి ముక్క వాడిదే, మొత్తం ఎవడికీ తెలియదు. ఒక్కో పళ్ళెం మీదికీ చిలుక ఎగిరి వచ్చి వాలుతుంది. అంకెలన్నీ కలిపి, అందులోంచి తొమ్మిదులు తీసేసి, మిగిలిన శేషం సరిపోయిందో లేదో చూస్తుంది. త్రాసులు చేసేవాళ్ళ ఇళ్ళలో, అంగళ్ళలో, కోటలో, నీలకుల్య అంతటా లెక్క సరిచూసే పద్ధతి అదే. తొమ్మిదులు తీస్తే సరిపోయిన లెక్కను ఆ దేశంలో ఎవరూ రెండోసారి చూడరు.

"శేషం మూడు! సరి!" అని కూసింది చిలుక. మరో పళ్ళెం మీద వాలింది. "శేషం ఎనిమిది! సరి!"

చివరికి మందపాలుడు తన పళ్ళెం కేతకి ముందుకు తోశాడు. చివరి పీటవాడి పని ఏమీ లేదు. ఆ కుప్పలను బంగారు పళ్ళెంలోకి మార్చి ఆచార్యుడికి అందించడమే. చివరి సంఖ్య తప్పితే నేరం తన మీదే పడుతుందన్న భయంతో ఆ పీట ఎవరూ కోరుకోరు.

కేతకి చూసింది. వందల చోట అయిదు గవ్వలు. పదుల చోట రెండు. ఒకట్ల చోట ఏడు.

ఆమె బుర్రలో ఒక్కసారి మెరుపు మెరిసింది. గుండ్లు ఎక్కువైతే? మొన్న కట్టెలు తేవడానికి వెళ్ళినప్పుడు, మూతబండను ఎత్తడానికి త్రాసుకాడలా నిలిపిన పెద్ద తులాదండం ఆమె కళ్ళారా చూసింది. దాని ఇరుసు కంచుది. కంచు గట్టిదే కానీ పెళుసు. తూకం ఎక్కువై తట్ట కుదుపుతో పడితే ఇరుసు పుటుక్కున విరుగుతుంది. దండం కూలిపోతుంది. లేవబోయిన బండ మళ్ళీ తన గుంటలోకే జారుతుంది. నగరం బతుకుతుంది. గుండ్లు మోసేది జృంభకుడు మంత్రంతో ఆడించే మట్టిభటులు, వాళ్ళకు ప్రాణం లేదు. ఇక దండం కింద నిలబడేది ఎవరు? నీలకుల్యలో వంతెన కట్టినవాడు తొలి ఏనుగు దాటేటప్పుడు దాని కింద నిలబడాలి. తులాదండం నిలిపినవాడు తొలి తూకానికి దాని కింద నిలబడాలి. తరతరాల ఆచారం అది. అంటే నిలబడేది జృంభకుడే!

పాపమా, పుణ్యమా అని ఆలోచించే వ్యవధి లేదు. కేతకి బంగారు పళ్ళెంలో పదుల చోట ఏడు గవ్వలు పెట్టింది. ఒకట్ల చోట రెండు పెట్టింది.

చిలుక వచ్చి వాలింది.

అది వెంటనే గవ్వలు చూడలేదు. తల వాల్చి కేతకి ముఖంలోకి చూసింది. ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. మీసం ఒక పక్క మెల్లగా జారుతున్నట్టు ఆమెకు తెలుస్తోంది. తుడుచుకుంటే చెయ్యి నల్లబడుతుంది, తుడవకపోతే గడ్డం నల్లబడుతుంది. ఇనుపముక్కు ఆమె చెంప దాకా వచ్చి ఆగింది. ఆ తరవాత చిలుక కిందికి వంగి టకటకమని గవ్వలు పొడిచింది.

"అయిదూ ఏడూ రెండూ! తొమ్మిది పోతే శేషం అయిదు! సరి! సరి!"

మంటపం అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అందరితో పాటు కేతకీ వదిలింది.

శిష్యులందరినీ బారులుగా మూతబండ దగ్గరికి నడిపించారు. కొండ కొమ్మున నీలపు అద్దంలా అగాధసరస్సు పరుచుకుని ఉంది. దాని నోట్లో ఏనుగుల మందంత నల్లని బండ. బండకు తాటిమానుల్లాంటి గొలుసులు. ఆ గొలుసులు పట్టుకుని లోయ మీదికి చాచుకున్న తులాదండం ఎన్నో మద్దిమానులను ఇనుపపట్టాలతో బిగించి చేసినది. దాని రెండో కొసన అంగడివీధంత వెడల్పు తట్ట వేలాడుతోంది. తట్టకు పైన, శిష్యులు నిలబడ్డ కొమ్ము అంచున, గుండ్లు పోసే పెద్ద తొట్టె. అన్ని గుండ్లూ తొట్టెలో నిండాక అడుగు తలుపు తీస్తే ఒక్కసారిగా తట్టలో పడతాయి. విడివిడిగా వేస్తే బండ వంకరగా లేచి ఇరుక్కుంటుందట.

మట్టిభటులు గుండ్లు మోయసాగారు. చిలుక తొట్టె అంచున కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టసాగింది.

"ఆచారం ప్రకారం సంఖ్యకు కర్త అయినవాడు దండం కింద నిలబడాలి" అన్నాడు జృంభకుడు చిరునవ్వుతో. అతను దండం కిందికి కదులుతాడని కేతకి ఎదురుచూసింది. "నేను కర్తను కాను, నాయనలారా. నేను తిండి పెట్టానంతే. ఈ లెక్కకు దారి వేసి, ముక్కలుగా విడదీసి మీకు పంచిన మహానుభావుడు వేరే ఉన్నాడు. నా ప్రథమశిష్యుడు. కొండ గుహలో ఉండి ఇన్నాళ్ళూ మీ కంటపడలేదు. ఆ గౌరవం అతనిది!"

దిగువన, దండాన్ని మోసే రాతిస్తంభం మొదట్లో ఒక సన్నని అరుగు ఉంది. గుహలోంచి ఆ అరుగు మీదికి ఒక మనిషి నడిచి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. తెల్లని పట్టుబట్టలు కట్టారు వాడికి. సరిగ్గా ఇరుసు కింద నిలబడి, ముల్లు వైపు తల ఎత్తి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

అలా చేతులు కట్టుకుని ముల్లు చూసేవాడు లోకంలో ఒక్కడే. పుష్కరుడు.

అన్న బతికే ఉన్నాడు! కేతకికి కేక వేయాలనిపించింది, ఏడవాలనిపించింది. మరుక్షణం బంగారు పళ్ళెం గుర్తొచ్చింది. తన చేత్తో తారుమారు చేసిన గవ్వలు అన్న నెత్తి మీద దండమై కూలబోతున్నాయి.

నిజం చెబితే అన్న బతుకుతాడు, ఊరు మునుగుతుంది. చెప్పకపోతే ఊరు బతుకుతుంది. మిగిలింది ఒకటే దారి, తొట్టె తలుపు తీసేలోగా వాణ్ణి అక్కడినుంచి లాగెయ్యాలి. జృంభకుడు కళ్ళు మూసుకుని మట్టిభటులను ఆడించే మంత్రం జపిస్తున్నాడు. చిలుక లెక్కలో మునిగి ఉంది. కేతకి బారులోంచి కదిలింది.

మందపాలుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వాడి పట్టు ఉడుముపట్టు.

"యాడికెల్తావు? వరస తప్పకూడదు. తప్పితే లెక్క సెడిపోద్ది."

"మందపాలా, వదలరా! మీ అమ్మ ఎండలో నిలబడి పాడుతుందన్నావే, ఆవిడ మీద ఒట్టు, వదులు!"

"మాయమ్మా?" అన్నాడు వాడు. వాడి కళ్ళు ఎక్కడో వెతుక్కున్నాయి. ఏమీ దొరకలేదు. కానీ వేళ్ళు మాత్రం వదులయ్యాయి. "మాకు... అమ్మ ఉందేటి?"

జవాబు చెప్పకుండానే కేతకి పరుగు తీసింది. మట్టిభటుల కాళ్ళ మధ్యనుంచి దూరింది. ఒకడు వంగి ఆమె తలపాగా అందుకున్నాడు. తలపాగా వాడి చేతిలో మిగిలింది, జడ వీపు మీద పడింది. చేతికి అందినదాన్ని తొట్టెలో వెయ్యడం తప్ప ఇంకేమీ తెలియని ఆ మట్టిముద్ద తలపాగాను పట్టుకెళ్ళి తొట్టెలో వేశాడు. చిలుక దాన్నీ ఒక గుండుగా లెక్కపెట్టింది. మరో సమయంలోనైతే కేతకి పకపకా నవ్వేది.

తొట్టె పక్కన ఒక గొలుసు అరుగు దాకా వేలాడుతోంది. ఆమె దాన్ని పట్టుకుని అంచు మీదినుంచి దూకింది. గాలి చెవుల్లో హోరుమంది. అరచేతుల చర్మం లేచిపోయింది. కింద లోయ నిండా పొగమంచు. గొలుసు గిర్రున తిరిగి ఆమెను స్తంభానికేసి కొట్టింది. కళ్ళముందు చుక్కలు కనిపించాయి. పట్టు తప్పి అరుగు అంచున పడి, జారబోయి, మోచేతులతో పాకి పైకి వచ్చింది.

పుష్కరుడు కిందికి చూశాడు. వాడి కళ్ళలో విసుగు తప్ప మరేమీ లేదు.

"ఎవరు నువ్వు? ఇక్కడికి రాకూడదు."

"అన్నయ్యా! నేనురా, కేతకిని!"

"ఏ పీట మీద కూర్చుంటావు?"

ఆ ప్రశ్న గొలుసు దెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆమె లేచి వాడి చెయ్యి పట్టుకుని లాగింది. "చివరి పీట. ఇప్పుడు అదంతా ఎందుకు? రా, పక్కకి రా. ఈ దండం కూలిపోతుంది."

"ఎందుకు కూలుతుంది?" పుష్కరుడు కదలలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "లెక్క సరిగ్గా ఉంది. తొమ్మిదులు తీసి చూశారు. శేషం అయిదు రావాలి, అయిదే వచ్చింది. భయపడకు."

"లెక్క తప్పు!"

"తొమ్మిదులు తీసినాక తప్పు ఉండదు."

పైన చిలుక గొంతు వినిపిస్తోంది. అయిదు వందలు దాటి లెక్కపెడుతోంది. కేతకి వాడి నడుము పట్టుకుని తోసింది. స్తంభాన్ని తోసినట్టుంది. ఏడ్చింది. వాడికి ఆ ఏడుపు ఏ లెక్కలోకీ రాలేదు. కన్నీళ్ళతో, బంధుత్వంతో వాడు కదలడని ఆమెకు అర్థమయింది. వాడిలో ఇంకా బతికి ఉన్నది ఒకటే. ఆమె మోకాళ్ళ మీద కూలబడి అరుగు మీది దుమ్ములో రక్తమోడుతున్న వేలితో గబగబా రెండు సంఖ్యలు గీసింది.

"ఇది అయిదు వందల డెబ్బై రెండు. దీని శేషం చెప్పు."

"అయిదు."

"ఇది అయిదు వందల ఇరవై ఏడు. దీనిది?"

పుష్కరుడు వంగి, ఆ రెండు సంఖ్యలనూ ఒకదాని తరవాత ఒకటి చూశాడు. మళ్ళీ మొదటిదాన్ని చూశాడు. ఇంత పెద్ద గణితవేత్తకు, వాడికే కాదు, నీలకుల్యలో తరతరాలుగా ఏ ఒక్కరికీ తట్టని సంగతి వాడి కళ్ళముందు దుమ్ములో పడి ఉంది.

"దీనిదీ అయిదే" అన్నాడు గొణుగుతూ. "అంకెలు చోటు మారినా... శేషం మారదు!"

"గవ్వలు మార్చింది నేనే, అన్నయ్యా. అసలు సంఖ్య అయిదు వందల ఇరవై ఏడు. గుండ్లు ఎక్కువయ్యాయి. ఇరుసు విరుగుతుంది. నీ లెక్క నిజమే, పళ్ళెంలోది అబద్ధం. ఇప్పటికైనా రా!"

వాడి ముఖం మారింది. చాలా కాలం తరవాత ఆ కళ్ళలో వెలుగు వచ్చింది. కేతకి ప్రాణం లేచి వచ్చింది.

"ఎంత పొరపాటు జరిగిపోయేది!" అన్నాడు పుష్కరుడు. "ఎందుకు మార్చావు?"

"బండ లేస్తే మన ఊరు మునిగిపోతుంది. కింద మన ఊరుందిరా! నాన్న ఉన్నాడు!"

వాడు అరుగు అంచునుంచి లోయలోకి చూశాడు. శ్రద్ధగా, నిజాయితీగా చూశాడు.

"కింద మంచు తప్ప ఏమీ లేదు" అన్నాడు.

ఆ మాట అని తల పైకెత్తాడు. తప్పు లెక్కను చూసి ఊరుకోవడం వాడికి పుట్టుకతో చేతకాదు. కొలిమి దగ్గర తండ్రి తూకంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా అన్నం మానేసి సరిచేసినవాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కొండ మారుమోగేలా కేక పెట్టాడు.

"ఆచార్యా! ఆపండి! తలుపు తియ్యకండి! సంఖ్య తప్పు! అసలు సంఖ్య అయిదు వందల..."

కేతకి మీదికి దూకి వాడి నోరు మూసింది. ఇద్దరూ స్తంభానికి కొట్టుకున్నారు. పైన మట్టిభటుల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మంత్రం ఆగింది. కొమ్ము అంచున తెల్లని గడ్డం ఒకటి కిందికి వంగింది.

"అయిదు వందల ఎంత, నాయనా?" అన్నాడు జృంభకుడు, ఎంతో ప్రేమగా.

కేతకి బలమంతా అరచేతిలోకి తెచ్చుకుంది. అన్న పెదవులు ఆమె చేతి కింద కదిలి కదిలి ఆగిపోయాయి. వాడు పెనుగులాడలేదు. ఆమెను కొట్టలేదు. ముఖం మీద కోపం కూడా లేదు. చెల్లెలు తన ఒళ్ళంతా అడ్డం పెట్టి మూసిన నోటిని వదిలేసి, వాడు కుడికాలి బొటనవేలితో అరుగు మీది దుమ్ములో పెద్దగా, కొండ మీదికి కనిపించేలా, అయిదు పక్కన రెండు గీయడం మొదలుపెట్టాడు. చిలుక రెక్కలు విప్పి కిందికి దిగుతోంది.